కొయ్య మేకులు

ఒరేయ్ చిన్నోడా,

ఈ ఉత్తరం మరదలి చేతికిచ్చి పంపుతున్నాను. చించి పొయ్యిలో పడేస్తావని తెలుసు. పడెయ్, కానీ చదివాక పడెయ్. ఫోన్ చేస్తే కట్ చేస్తావు. తలుపు కొడితే లోపల ఉండి కూడా లేనట్టు రంపం ఆపేస్తావు. అప్పటిదాకా చప్పుడు చేసిన రంపం టక్కున ఆగిపోతే బయట నిలబడ్డదానికి ఆమాత్రం అర్థం కాదట్రా?

మొన్న ఆదివారం మా ప్రార్థన గదిలో ఏం జరిగిందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను, మెట్ల మీద నిలబడ్డవాళ్ళకి ఎలా వినపడిందో నీకు తెలియాలి. సైకిల్ షాపు పైన ఆ గదిలో మేం పాట సగంలో ఉన్నాం. ముఖాలకి గుడ్డలు కట్టుకుని ఒక గుంపు పైకొచ్చింది. "ఎవర్రా ఇక్కడ పాడేది?" అని ఒకడు అరిచాడు. ఏం చెప్తాం, అందరం పాడుతున్నాం కదా! ఆడవాళ్ళని, పిల్లల్ని మెట్లవైపు తోసేశారు. పాస్టరు గారు ఒక్కరే లోపల ఉండిపోయారు. "మీ కోపం నామీద చూపించండి నాయనా, వాళ్ళని దిగనివ్వండి" అంటున్నారు. తర్వాత ఆయన కేక వినపడింది. ఆ వయసులో సుత్తి దెబ్బకి కుడిచేతి మణికట్టు విరిగిందిరా ఆయనకి.

అంతా వెళ్ళిపోయాక పైకెక్కి చూశాం. కిటికీ అద్దాలు పగిలాయి, ఫ్యాను రెక్కలు వంగాయి, బెంచీలు వంటచెరుకైపోయాయి. గోడ పక్కన మూడు బెంచీలు మాత్రం పగల్లేదు. నేను కూర్చునేది ఒక కాలు ఊడి ఒరిగి ఉంది. మిగతా రెండిటివీ కాళ్ళు ఒకవైపు, పలకలు ఒకవైపు బుద్ధిగా పేర్చి ఉన్నాయి. అతుకుల్లోంచి తట్టి తీసిన కొయ్య మేకులు కిటికీ గట్టు మీద గుప్పెడు పోసి ఉన్నాయి. "ఇదేం విడ్డూరం, కొట్టడానికొచ్చి విప్పదీసి పోయారేంటి?" అని మావాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నేను ఆ మేకులు చూసి ఉన్నచోటే కూలబడ్డాను.

చిన్నప్పుడు నువ్వు విసుగొచ్చి స్టూలు విరగ్గొడితే నాన్న ఏమన్నారో గుర్తుందా? "అతుకు పగలగొట్టేవాడు వడ్రంగి కాదురా, మేకు తట్టు, అదే వదులుతుంది" అని, నీ చేత ఆ స్టూలు మళ్ళీ చేయించారు. ఈ ఊళ్ళో కోపంలో కూడా మేకు తట్టేవాడు ఇంకెవడున్నాడు? ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోతుందనుకున్నావు. చేతులకేం కట్టుకుంటావురా, వెధవా!

ఆ మేకుల్ని ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుని వచ్చేశాను. ఎందుకలా చేశానో నాకే తెలీదు. నేను బాప్తిస్మం తీసుకున్న రోజు నువ్వు నడివీధిలో "నాకు అక్కే లేదు" అన్నావు. మింగాను. నేను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో నా టీ కప్పు వేరే పెట్టారు, రక్తం మరకల దుప్పట్లన్నీ నా వంతుకే నెడుతున్నారు. అదీ మింగాను. ప్రభువు కోసం ఇన్ని భరిస్తున్నానని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ మేకులు చూశాక ఆ గర్వం ఎటు పోయిందో కనపడలేదు. బయటివాళ్ళు కొడితే ప్రార్థన చేసుకోగలను, నువ్వు కొడితే ఏడుపు తప్ప ఏమీ రావడం లేదు.

ఒక్క మాట చెప్పు. ఆయన చేతి మీద పడిన సుత్తి నీదా? కాదని రాయి. నమ్ముతాను.

నువ్వు లేదన్నా ఉన్న
నీ అక్క

*

చిన్నోడా,

నువ్వు రాయలేదు. ఉత్తరం చదివావని మరదలు చెప్పింది. చదివి అన్నం తినకుండా లేచిపోయావట.

నిన్న పోలీసు అధికారి లాండ్రీకి వచ్చాడు. ఆవిరి మెషిన్ల మధ్య, అందరూ చూస్తుండగా, "ఎవరినైనా గుర్తుపట్టావామ్మా?" అని అడిగాడు. "ఇక్కడ కాదండీ, స్టేషన్‌కొచ్చి చెప్తాను" అన్నాను. శుక్రవారం రమ్మన్నాడు. మా సంఘంలో కొందరు "నాకేం తెలీదని ఒక్క ముక్క అనెయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. ఇంకొందరు ఒక్కణ్ణీ వదలకూడదంటున్నారు. రెండు మాటలకీ తల ఊపి ఇంటికొచ్చాను.

సాయంత్రం పాస్టరు గారి బట్టలు ఉతికిద్దామని వెళ్ళాను. ఎడం చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నారు, ఒకటి పైకి, ఒకటి కిందికి. సరిచేస్తూ ఉంటే నాకు ఆగలేదు. "అది నా తమ్ముడేనండీ" అని బావురుమన్నాను. ఆయన, "తెలుసమ్మా. గుడ్డ పైన కళ్ళు కనపడతాయి కదా, నీ కళ్ళే" అన్నారు.

"మరి పోలీసులకి చెప్పలేదేంటండీ?"

"కేసు పెడతావా అని అడిగారు, పెట్టనన్నాను. ఎవరని అడగలేదు, అడిగితే అబద్ధమాడను. క్షమించడం నా వంతు తల్లీ. నీ వంతు నిజం చెప్పడమైతే చెప్పు, నేను అడ్డురాను. కోపంతో మాత్రం చెప్పకు."

అక్కడే ఉందిరా చిక్కంతా. నాకు కోపం కాక ఇంకేం లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో క్షమించే మాట దగ్గరికి రాగానే నా నోరు పడిపోతోంది. అందరూ ఆమేన్ దాకా వెళ్ళిపోతుంటే నేను అక్కడే నిలబడిపోతున్నాను. ఇవాళ పొద్దున పళ్ళు బిగబట్టి ఆ మాట అనేశాను. మనసు ఇంకా వెనకే ఉంది. వస్తుందిలే, దానికి మోకాళ్ళ నొప్పులు.

కాబట్టి విను. శుక్రవారం వెళ్ళి నాకు తెలిసింది చెప్తాను. మేకులు కూడా ఆ అధికారి బల్ల మీద పెడతాను. నీకోసం ప్రాణమడిగితే ఇస్తాను గానీ అబద్ధం అడక్కు, అది నా దగ్గర లేదు. నాకంటే ముందు నువ్వే వెళ్ళి చెప్పుకుంటావన్న ఆశతో ఇది రాస్తున్నాను. నిన్ను లోపల పెడితే మరదల్ని, పిల్లని నా దగ్గర ఉంచుకుంటాను. నిన్ను చూడటానికి వస్తూనే ఉంటాను, నువ్వు మొహం తిప్పుకున్నా సరే.

నిన్ను ఎత్తుకు తిప్పి నడుము నొప్పి తెచ్చుకున్న
అక్క

*

అక్కా,

ఈ మాట రాసి ఎన్నాళ్ళయిందో, చెయ్యి తిరగడం లేదు.

సుత్తి నాదే.

కాదని రాస్తే నమ్ముతానన్నావు చూడు, అందుకే రాయలేకపోయాను. నువ్వు నిజంగానే నమ్మేస్తావు.

భయపెట్టి వచ్చేద్దామని వెళ్ళాం. తీరా వాళ్ళు పలకలు చీలుస్తుంటే చూడలేకపోయాను. ఎవరూ నన్ను వేలెత్తి చూపకుండా నేనూ ఏదో ఒకటి చెయ్యాలి కదా, గోడ పక్కకెళ్ళి మేకులు తట్టడం మొదలుపెట్టాను. మూడో బెంచీకి ఎడమకాలి మేకు తీసి రెండో కాలి దగ్గరికొచ్చేసరికి మీ పాస్టరు ముసలాయన అతుకు మీద చెయ్యి పెట్టాడు. మెల్లగా, నాకొక్కడికే వినపడేట్టు, "ఇది మీ అక్క కూర్చునేది నాయనా" అన్నాడు. నేనెవరో ఆయనకి తెలిసిపోయింది. పక్కవాళ్ళు విన్నారేమోనని భయపడి చుట్టూ చూశాను. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆ భయానికే సుత్తి ఎత్తానక్కా. కోపం కూడా కాదు.

నిన్న పొద్దున ఆ ముసలాయన ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో దారంతా వల్లెవేసుకున్నాను, తలుపు తీసేసరికి అదంతా పోయి చేతిలో సంచి ముందుకు చాపాను. ఆయన నన్ను, నా సంచిని చూసి, "పనిముట్లు తెచ్చావా? బెంచీలు అలాగే పడున్నాయి" అన్నాడు. ఆయన కాళ్ళ మీద పడబోతే, "అయ్యో, ఈ చేత్తో నిన్ను లేపలేను నాయనా, నువ్వే లే" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ చేశాను.

ఇద్దరం ఆ గదికెళ్ళాం. ఆయన ఎడం చేత్తో, మోకాలితో బెంచీ కాలు పట్టుకుంటే నేను బిగించాను. నేను సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం తీయలేదు. నాకు అది చాలక్కా, బతికినంత కాలం.

నీ దేవుణ్ణి నమ్మేశానని సంబరపడకు. నాకు ఇంకా ఏమీ తెలీదు. ఈ ఉత్తరం నీ మరదలికిచ్చి, ఇటునుంచి ఇటే స్టేషన్‌కి వెళ్తున్నాను. శుక్రవారం నువ్వూ వెళ్ళు, అడిగింది చెప్పు. మనిద్దరి మాటా ఒకటే అవుతుంది, నీకు భయం అక్కర్లేదు.

మేకులు నువ్వు పట్టుకుపోయావు కాబట్టి కొత్తవి చెక్కాను. అన్నీ పట్టాయి గానీ నీ బెంచీ ఎడమవైపు కాలికి మాత్రం పట్టలేదు, ఇంకా ఊగుతోంది. దానికి పాత మేకే కావాలి. అధికారికి చూపించాక ఆ ఒక్కటీ అడిగి తెచ్చుకుని దాచిపెట్టు. నేను వచ్చేదాకా ఆ బెంచీ మీద కూర్చోకు, పడతావు.

నీ తమ్ముడు