ఆ సందులో పడుగు

2025 జూన్ 9, సోమవారం

భువనగిరిలో కొత్త ఉద్యోగం. ఏసీ రూమ్, కంప్యూటర్, రెండు పూటలా టీ. ఎక్కడో డ్రోన్లు తీసిన వీడియోలు మా ముందుకొస్తాయి. కనిపించిన ప్రతిదాని చుట్టూ మౌస్‌తో డబ్బా గీసి పేరు పెట్టాలి. మనిషి, బండి, వైరు, ఆయుధం, పశువులు. మేం నేర్పిందే మెషీన్ నేర్చుకుంటుందట. రాళ్ల గుట్టలు, తుమ్మచెట్లు చూస్తే మన దిక్కులాగే ఉంది. ఏ దేశమని సునీల్ సార్‌ని అడిగాను. నీకెందుకమ్మా గా ముచ్చట, డబ్బాలు గియ్యి అన్నాడు. నాకెందుకా? పొద్దంతా చూసేది నేనే కదా.

జూన్ 12

ఇవాళ వీడియోలో ఒక సందు కనిపించింది. తెల్లవారుజాము. ఆ కొసకో గుంజ, ఈ కొసకో గుంజ, మధ్యలో పొడుగ్గా ఏదో బిగించారు. ఎనిమిది మంది దాని వెంట అటూ ఇటూ నడుస్తూ చేతులు ఆడిస్తున్నారు. పక్క సీటు ఉష వైరు అంది. నాకు నవ్వు ఆగలేదు. అది పడుగు! దారాలు సాగదీసి గంజి పట్టిస్తున్నారు. పోచంపల్లిలో మా ఇంటి ముందు బాపు చేసేదీ అదే. కాకపోతే వాళ్లు గంజి రాసే కుంచెను రెండు చేతులతో పట్టుకుంటున్నారు. ఎందుకో?

జూన్ 13

బాపుని అడిగాను. తినే అన్నం ఆపి ఎదురు ప్రశ్నలేశాడు. ఏం నూలు, ఏం గంజి, కూలి ఎవలిస్తరు అని. అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది, అండ్ల నా అసుంటి ముసల్ది ఉన్నదా అని. ఉంది. ఆమె వెనకాలే ఓ మేక కూడా.

జూన్ 17

ఆ సందు మీద మెషీన్ తనంతట తనే ఎర్ర డబ్బా గీసింది. వైరు, మనుషులు ఎనిమిది. సార్, అది నేత అని చెప్పాను. నేత అని మెనూల లేదు, ఉన్నవాట్ల ఏదో ఒకటి పెట్టు అన్నాడు. ఎర్ర డబ్బా పడితే ఏమవుతుందని అడిగితే, పైవాళ్లు చూస్కుంటరు అన్నాడు.

జూన్ 19

పైవాళ్లు ఎట్లా చూసుకుంటారో చూశాను.

నేను పడుగు చూసిన సందు కాదు, దాని పక్క ఊరు. నిన్నటి వీడియోలో ఒక డాబా మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఇవాళ అదే చెట్టు, అదే మలుపు, డాబా లేదు. ఉత్త దుమ్ము. బాత్రూమ్‌కి ఉరికి తలుపేసుకున్నాను. జర నీళ్లు తాగు పిల్లా అంటూ ఉష తలుపు దగ్గరే నిలబడింది.

ఆ పడుగు సందుకి ఇప్పటికే రెండు ఎర్ర డబ్బాలు. మూడోది పడితే అయిపాయె అని సునీల్ సార్ టీ కలుపుకుంటూ చెప్పాడు. నాకు మస్తు భయమైంది.

జూన్ 20, పొద్దున 9:10

ఆ సందు మళ్లీ వచ్చింది. పశువులు అని పెట్టాను. డబ్బా పచ్చగా మారింది.

జూలై 2

రోజూ అదే పని. గంజి పట్టేవాళ్లు, ముసలామె, అందరూ పశువులే. మేక ఒక్కదాని గురించే నేను నిజం చెప్తున్నాను.

పడుగు పట్టిన్రా అని బాపు రోజూ అడుగుతాడు. పట్టారంటే, రంగేందో జర చూసి చెప్పు అంటాడు. వీడియో నలుపూ తెలుపే. వాళ్లు ఏ రంగు నేస్తారో నాకు ఎప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఎంత ఉందో.

జూలై 14

ఇక నా అవసరం లేదు. పడుగు కనిపిస్తే చాలు, మెషీనే పచ్చ డబ్బా గీసి పశువులని రాస్తోంది. అక్షరం ముక్క రానిదానికి చదువు చెప్పినంత సంబరమైంది. ఇంటికి జిలేబీ తీసుకుపోయాను. ఎందుకని అడిగితే, ముందు తినండి అన్నాను.

జూలై 22

మెషీన్ కొనేవాళ్లు రేపు వస్తున్నారు. డెమోకి దగ్గర్లో ఓ ఊరు కావాలట. మీ ఊరి మీద డ్రోన్ ఎగిరేస్తం, పెద్ద స్క్రీన్ కాడ నువ్వుండు అన్నాడు సునీల్ సార్. ఇంట్లో చెప్పాను. రేపు పడుగు ఉంది. బాపు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అవ్వ చెయ్యి ఊపుతానంది.

అప్పుడు నాకు తట్టలేదు. ఇది రాస్తుంటే తట్టింది, మా పడుగు చూసినా మెషీన్ పశువులనే రాస్తుంది.

జూలై 23

పెద్ద స్క్రీన్ మీద మా ఇంటి ముందు సందు. అంత ఎత్తు నుంచి అందరూ చుక్కలే. ఇస్త్రీ చొక్కా ఎవరిదో, ఊగే చెయ్యి ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. పచ్చ డబ్బా పడింది.

వచ్చినవాళ్లలో ఒకాయన, సందులో అవేంటని అడిగాడు. సునీల్ సార్ నా వైపు చూశాడు. మనుషులని నోరు జారితే మెషీన్‌ని సరిచేస్తారు. అక్కడ, ఆ పరాయి దేశం సందుకి మూడో ఎర్ర డబ్బా పడుతుంది.

పశువులు సార్, అన్నాను.

ఇంటికొచ్చేసరికి అవ్వ గడపలోనే ఉంది. నేను కనవడ్డనా అని అడిగింది. కనబడ్డావన్నాను. నన్నేమని రాసింది బిడ్డా అని అడిగింది.

మనిషి అని రాసిందని చెప్పాను.