పర్మనెంట్ బ్యాన్

మార్చి 3, మంగళవారం

నా భార్య పాత కంప్యూటర్ ఇక లేవలేదు. హార్డ్ డిస్క్ మాత్రం బతికింది. ఆ షూటింగ్ గేమూ, ఆమె నడిపిన సర్వరూ అందులోనే ఉన్నాయి. పదిహేనేళ్లు ప్రతి శనివారం సాయంత్రం ఐదుగురం ఒకర్నొకరం కాల్చుకున్నాం. ఆమె పోయాక, ఈ పదకొండు నెలల్లో ఎవరూ తుపాకీ పట్టలేదు.

కొత్త గేములు బోలెడున్నాయని, ఆ గ్రాఫిక్స్‌కి కళ్లు తిరుగుతాయని బావమరిది అన్నాడు. నాకు కళ్లు తిరగక్కర్లేదు. ఆ గేమే కావాలి.

మార్చి 5

నల్ల స్క్రీన్.

మార్చి 6, సాయంత్రం 6

నడిచింది. స్క్రీన్ వెడల్పు కావడంతో సైనికులందరూ నెలరోజులు కూర్చుని తిన్నట్టు ఉబ్బిపోయారు. గేమ్ పరుగు మరీ ఎక్కువైతే ఫ్రేమ్ రేట్‌కి కళ్లెం వేశాను. ఆన్‌లైన్ సర్వర్ల లిస్టు ఖాళీ. అది నడిపినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. సర్వర్ అడ్రస్ చేత్తో కొట్టాలి, అంతే.

ఆమె ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు ఆమె టేబుల్ మీది కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాను. సర్వర్ లేచింది. మిగతా ముగ్గురికీ కబురు పెట్టాను.

మార్చి 7, శనివారం

బావమరిది వచ్చి వాళ్లక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు. లైబ్రేరియన్, పళ్ల డాక్టర్ వాళ్ల వాళ్ల ఇళ్ల నుంచే సర్వర్‌లోకి వచ్చారు. నన్నే రానివ్వలేదు. ఈ సర్వర్‌లో మీరు బ్యాన్ అయ్యారని స్క్రీన్ మీద పడింది.

మర్చిపోయాను. తను చివరిసారి ఆడిన శనివారం నన్ను బ్యాన్ చేసింది. నేరం, తన స్క్రీన్ వైపు దొంగచూపు చూడటం. ఒకే గదిలో ఆడేవాళ్లం కాబట్టి ఆ రూలు ఆమే పెట్టింది. మామూలుగా శిక్ష ఒక కప్పు టీతో రద్దయ్యేది. ఈసారి రద్దు చేసే తీరిక లేకపోయింది. బ్యాన్ ఫైల్లో నా ప్లేయర్ నంబరు, తేదీ, పర్మనెంట్ అన్న మాట అలాగే ఉన్నాయి.

ఒక్క లైనేగా, తీసేద్దాం బావా, అక్క ఏమీ అనుకోదు అన్నాడు.

“అనుకుంటుంది” అన్నాను.

ఇంటాయన గుమ్మం బయట, మేం లోపల అని పళ్ల డాక్టర్ హెడ్‌సెట్‌లో నవ్వాడు. నవ్వనీ. వాళ్లు గంటన్నర ఆడారు. నేను కాపలా కాశాను.

మార్చి 10

లైబ్రేరియన్ ఫోన్ చేసింది. నేను లేక జట్లు కుదరడం లేదట. ఇంత మొండితనం మంచిది కాదట. కాకపోవచ్చు.

మార్చి 14, శనివారం

ఇవాళ లోపలికి వెళ్లగలిగాను. అందరూ ఓహో అన్నారు. మెట్ల దగ్గర నిలబడి తుపాకీ చూసుకున్నాక వెలిగింది. బావమరిది ఆ లైను తీసేశాడు. నా మంచికేనట.

బయటికొచ్చి మళ్లీ టైప్ చేశాను, ఆమె వేసిన తేదీతో సహా. నేనెప్పుడైనా నీ కళ్లద్దాల షాపుకొచ్చి నంబర్లు మార్చానా అని వాణ్ని అడిగాను. నిజంగా అక్క స్క్రీన్ చూశావా బావా అన్నాడు.

చూశానన్నాను.

మార్చి 15

వాడికి సగమే చెప్పాను.

ఆ చివరి శనివారం ఆమె సైనికుడు మెట్ల మీద నిలబడిపోయాడు. నిలబడితే చస్తారని మా అందరికీ నేర్పింది ఆమే. ఏమైందోనని తల తిప్పాను. ఎడమచేతి వేళ్లు కదలడం లేదు. కుడిచేత్తో ఒక్కో వేలూ ఎత్తి కీబోర్డు మీద పెట్టుకుంటోంది. నేను చూడటం చూసింది. దొంగ అంది. కుడిచేత్తోనే బ్యాన్ కొట్టింది.

స్క్రీనే చూశానని ఒప్పుకున్నాను. ఆమెకి కావలసింది అదే. నాలుగు రోజులకి ఆసుపత్రిలో డాక్టర్ తలకి స్కాన్ రాశాడు. ఆ తర్వాత కూడా వేళ్ల సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆ లైను అబద్ధం. ఇద్దరం కలిసి ఆడిన అబద్ధం. దాని మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు.

మార్చి 21, శనివారం, సాయంత్రం 5

నా కుర్చీ ఆమె టేబుల్ వైపు తిప్పేశాను. దొంగచూపు కాదు, నేరుగా స్క్రీనే చూస్తున్నాను. బావమరిది సైనికుడు మెట్ల మీద ఆగాడు. కదులు అన్నాను.

చెయ్యి, నువ్వొచ్చి ఇంకోసారి బ్యాన్ చెయ్యి.