మెరుపులు ముందొచ్చే తలనొప్పి

డిసెంబరు 2

కుడి కణత పొడుస్తోంది. రెండు వాంతులు. సబ్ సెంటర్ తలుపేసి చీకట్లో గంట కూర్చున్నాను. నర్సుకే తలనొప్పి తగ్గకపోతే ఊళ్లో ఎవరికి తగ్గిస్తుందంటారు. అననీ.

డిసెంబరు 4

వదినకీ తలనొప్పే. కాఫీ పళ్లు కోస్తూ కూలబడిందట. "ముందు కళ్లల్లో మెరుపులొత్తాయే. తరవాత సెయ్యి తిమ్మిరెక్కుతాది" అంది. తిండి మానేసి కోతకెళ్తే అంతేనన్నాను. నా మాత్రలే రెండిచ్చాను. మా ఇంట్లో తలనొప్పంటే నాదే... అందరికీ దాని కొలతే.

డిసెంబరు 5

పొగమంచు. ఎవరూ రాలేదు.

డిసెంబరు 9

పెద్దాసుపత్రిలో మీటింగ్. నా తలనొప్పి గురించి డాక్టరమ్మను అడిగాను. నొప్పికి ముందు వంకర గీతల్లా వెలుగులు కనిపిస్తాయా? చేతికి తిమ్మిరి? అందావిడ. — లేదు మేడమ్, నేరుగా నొప్పే. "అయితే నీది ఆరా, అంటే ముందు ఆ వెలుగులు, లేని మైగ్రేన్. వెలుగులు ముందొచ్చేది వేరే రకం. వాళ్లకు గర్భం రాకుండా రోజూ వేసే మామూలు మాత్రలు ఇవ్వకు. పక్షవాతం రావచ్చు."

రాసుకున్నాను.

వదినకి ఆ మాత్రలిస్తున్నది నేనే. రెండేళ్లుగా. అన్నయ్యకు తెలియకుండా, సంత సంచిలో ఎండుమిరపకాయల కింద పెట్టి. ఇచ్చేముందు తలనొప్పి గురించి అడగాలి. ఊళ్లో అందరినీ అడుగుతాను. వదినను అడగలేదు — ఇంటి మనిషే కదా, తెలుసనుకున్నాను.

డిసెంబరు 10

కొండ మీద కాఫీ తోటకి ఎక్కాను. "మొన్న నొప్పే నేదు. మెరుపులొచ్చి పోనాయి, అంతే. తగ్గిపోతంది." వదిన ముఖంలో సంతోషం. నొప్పి రాకపోయినా ఆ రకమేనని చెప్పాను. మాత్రలు ఈ రోజే ఆపాలి.

వదిన కోయడం ఆపలేదు. "ఆపితే కడుపొత్తాది. కిందటి కాన్పుకి రగతం ఆగక సచ్చి బతికినాను. నువ్వు పక్కనే ఉన్నావు కదా."

ఉన్నాను. ఆ గుడ్డలు ఉతికింది నేనే.

భయం వేయాలి. వేయడం లేదు. తలనొప్పి దిగాక ఉండే మొద్దుతనం, ఈసారి నొప్పి లేకుండానే.

డిసెంబరు 11

కాపర్-టీ వేయించుకోమన్నాను. "కోతయ్యాక సూద్దాం." పళ్లు సగం చెట్ల మీదే ఉన్నాయి. అందాకా? జాగ్రత్తపడాల్సింది అన్నయ్యే, చెప్పాల్సిందే అన్నాను. "ఏటని సెప్తావు? ఇంకో గుంటడు కావాలంతన్నాడు."

డిసెంబరు 12

అడగలేదు. మాత్ర వేసుకుందో లేదో.

డిసెంబరు 13

వేసుకుందట. నిన్న కూడా. మాత్రల అట్ట తెచ్చి నా ఒళ్లో పడేసింది. "తీసుకుపో. రేపట్నించి నానేటి సెయ్యాల, అది సెప్పు."

అన్నయ్య గుమ్మంలోకొచ్చాడు. "ఏటి ఆ మాత్రలు? ఎవులికి బాగునేదు?"

చెప్పాల్సింది ఇప్పుడే. నోరు తెరిచాను. వదినే ముందంది — "నీ సెల్లికే. తలనొప్పంట."

నాకు నొప్పి లేదు.

అవునన్నాను.