బీమ్ పడని సగం

జూన్ 9
ఈరోజూ అదే. అల్యూమినా పలక మీద మాలిబ్డినం కార్బొనిల్ — లోహ పరమాణువు, దాని చుట్టూ ఆరు కార్బన్ మోనాక్సైడ్లు. ఎలక్ట్రాన్ బీమ్ వేసి చూస్తే మూడే మిగిలాయి. మిగతా మూడింటిని ఊడదీసేది అల్యూమినాయే. నా థీసిస్ మొత్తం ఈ ఒక్క మాట. వచ్చే నెల సబ్మిట్ చేద్దామని గైడ్ సార్ మెయిల్. ఐదేళ్ళకు గట్టెక్కుతున్నాను.

జూన్ 14
నర్సంపేట. ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ గోల — ‘గింత బక్కగైనవ్! ఎవ్వల కండ్లు పడ్డయో!’ ఉప్పు, ఎండుమిర్చి నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. ‘సూసినవా, ఎంత దిష్టి ఉన్నదో!’
నవ్వొచ్చింది. ‘దిష్టి లేనోళ్ళకు తీస్తే ఘాటొస్తదా? ఎప్పుడన్న తీసి సూసినవా అమ్మా?’
‘లేనోళ్ళకు ఎందుకు తీస్తరే, పిచ్చిదానా?’
అన్నం ముందు కూర్చున్నాక నవ్వు ఆగింది. బీమ్ తగలని అణువును నేను మాత్రం ఎప్పుడు చూశాను? ఐదేళ్ళలో ఒక్కసారైనా...

జూన్ 15
పొద్దున్నే బస్సెక్కి ల్యాబ్‌కు.

జూన్ 17
పలకలో సగానికి రేకు అడ్డం పెట్టి బీమ్ వేశాను. తర్వాత రెండు సగాలనూ ఇన్‌ఫ్రారెడ్‌తో చూశాను. దానికి అణువును విరిచే బలం లేదు.
బీమ్ పడిన సగంలో మూడు. పడని సగంలో ఆరుకు ఆరు.
అల్యూమినా పాపం ఏమీ చేయలేదు. నేను చూడబట్టే విరిగాయి. ఇన్నాళ్ళూ నేను కొలిచింది నేను పాడుచేసినదాన్నే.

జూన్ 18
మళ్ళీ చేశాను. ఆరే.

జూన్ 20
గైడ్ సార్‌కు రెండు సగాల గ్రాఫూ చూపించాను. ‘థీసిస్‌లో ఇది లేదు కదమ్మా. లేనిదాన్ని ఎవరడుగుతరు?’
‘తప్పు కదా సార్...’
‘మరి మళ్ళీ మొదటినుంచి చేస్తవా? ఫెలోషిప్ కూడా లేదు. సోమవారం చెప్పు.’
మెల్లగానే అన్నారు. కోప్పడినా బాగుండేది.

జూన్ 21
సుబేదారి దాకా నడిచాను, పనేమీ లేకుండానే. దారిలో ఏడుపు. ఛీ, ఏం బతుకు.

జూన్ 22
అమ్మ ఫోన్. ‘అయిపోయిందా బిడ్డా, నీ సదువు?’
‘అయిపోయిందమ్మా.’
అవతల ఎవరికో గట్టిగా చెప్తోంది — ‘మా బిడ్డ సదువు అయిపోయిందంట!’ మళ్ళీ నాతో — ‘నేనన్లేదా? దిష్టి తీసినంక అంత మంచిగైంది.’
ఊఁ అన్నాను.
రేపు సోమవారం.