పంటు ఆగిన వారాలు

30 జూన్ 2007
శారదక్క జాకెట్టు నాకు సరిపోయింది.
అమ్మ ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న ఆకుపచ్చ జాకెట్టు. హుక్కులన్నీ పట్టాయి. ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్ళి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకునే నాటికి అది నా మోచెయ్యి కూడా దాటేది కాదు. సంతోషపడాలి కదా. అద్దంలో చూసుకుని గబగబా విప్పేశాను. ఎదురుగా అక్క నిలబడి ఉంది... ఏళ్ళ కిందట పచ్చకామెర్లతో చనిపోయే ముందు, చిక్కిపోయి ఉన్న అక్క.

3 జూలై
రిపోర్టు. ఎస్‌జీపీటీ తొంభై దాటింది, నలభై లోపు ఉండాలట. భీమవరం డాక్టరు గారు తేలిగ్గానే తీసుకున్నారు – "ఇంత జోరుగా బరువు తగ్గితే లివర్ కొంచెం గొణుగుతుందండి. ప్రొటీన్ బాగా తీసుకోండి. నెలాఖరుకి మళ్ళీ చూద్దాం."
నాకు ధైర్యం వచ్చింది. పక్కన కూర్చున్న అమ్మకి మాత్రం ఒక్క మాటే వినపడింది – లివర్. బస్సు నరసాపురం చేరేదాకా నా కంటి రెప్పలు కిందికి లాగి చూస్తూనే ఉంది. ముందు సీటావిడ జాలిపడి నాకో బత్తాయి ఇచ్చింది.

8 జూలై, ఆదివారం
నేను లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. మొదటి పంటు పడవకే గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు వెళ్ళిందట. ఎండెక్కే లోపు వచ్చేసింది. చేతిలో అరిటాకు పొట్లం, అందులో పచ్చటి ముద్ద. పసరు మందు. అప్పట్లో అక్కకి ఇచ్చినాయన కొడుకు ఇస్తున్నాడట ఇప్పుడు.
రోజూ పరగడుపున ఉసిరికాయంత ముద్ద మజ్జిగలో కలిపి, తూర్పుకి తిరిగి తాగాలి. వారం వారం కొత్త ముద్ద. ఏ ఆకో అడగకూడదు. తేవడానికి వెళ్ళేవాళ్ళని వెనక నుంచి పిలవకూడదు. తాగుతున్నట్టు ఎవరికీ చెప్పకూడదు, చెబితే పనిచెయ్యదు.
"మీ ఆయనకి కూడా చెప్పకే, బుజ్జీ."
తాగేశాను. వద్దంటే అమ్మ మొహం ఎలా అవుతుందో తెలుసు.

11 జూలై
చేదు. నా పొట్టలో పట్టేదే అరకప్పు. ఇది తాగాక ఇంకేం దిగుతుంది? ప్రొటీన్ పొడి డబ్బా అలాగే ఉంది.

17 జూలై
స్టాఫ్‌రూమ్‌లో – "ఏంటి మేడం, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నారు!" నేను ఎక్కితే రిక్షా చక్రం వంగుతుందని నవ్విన నోళ్ళే ఇవి. లావైతే ఓ గొడవ, సన్నబడితే ఓ గొడవ. లోకులు కాకులని ఊరికే అన్నారా. పోనీలే. సాయంత్రం మెట్లెక్కితే కళ్ళు తిరిగాయి.

22 జూలై
పెరట్లో ఉన్నాను. "శారదా, పాలు పొంగుతున్నాయే, స్టవ్ కట్టెయ్!" – అమ్మ.
"ఆఁ, వస్తున్నా" అన్నాను. అనేశాక గానీ తెలియలేదు.
పాలు పొంగిపోయాయి. ఇద్దరం గట్టు తుడిచాం.

28 జూలై
వరండాలో జడ వేసుకుంటుంటే మా ఆయన గేటు దగ్గరే ఆగిపోయారు. "మీ అక్క అనుకున్నాను" అన్నారు. తర్వాత నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళంతా దురద. అక్క కూడా ఇలాగే దువ్వెనతో వీపు గీరుకునేది.

31 జూలై
మూడు వందల నలభై.
డాక్టరు గారు ఈసారి నవ్వలేదు. "నాటు మందులు, ఆకు పసర్లు ఏమైనా వాడుతున్నారా అండి? నిజం చెప్పండి."
అమ్మ ఒళ్ళోని సంచిని గట్టిగా పట్టుకుంది.
"లేదండి" అన్నాను. నోట్లో పొద్దుటి చేదు ఇంకా ఉంది.
"ఇలాగే పెరిగితే హైదరాబాద్ వెళ్ళి అడ్మిట్ అవ్వాలి."
అవునంటే ఆయన ఏమనేవారో తెలుసు – ఆ మందే నీ లివర్‌ని తినేస్తోంది అనేవారు. అమ్మ ముందు ఆ మాట ఎలా అననిస్తాను? అక్కకి ఆ పసరు ఒక్క పూట తప్పకుండా పోసింది అమ్మే. అక్క పెదవులు బిగిస్తే బుగ్గలు నొక్కి పోసింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

5 ఆగస్టు, ఆదివారం
ఎర్రనీరు. వరద. పంటు ఆపేశారు. అమ్మ రేవులో మధ్యాహ్నం దాకా నిలబడి వచ్చింది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్దామన్నా, మందాయన ఊరి రోడ్డు మీదే నీళ్ళట. పొట్లంలో ముద్ద రేపటికే సరి.

7 ఆగస్టు
మందు లేదు. అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రావడం లేదు. నాకు పండగలా ఉంది. సిగ్గేస్తోంది.

12 ఆగస్టు
ఇంకా వరదే. పొద్దున్నే ఆకలి వేసింది! ఒక గుడ్డు పూర్తిగా తిన్నాను. దురద తగ్గింది.

19 ఆగస్టు
నీరు తీస్తోంది. రేవులో ఇంకా పంటు లేదు. ఇంకొక్క వారం, తండ్రీ గోదావరీ... తల్లీ అనాలి కదూ. కంగారు.

21 ఆగస్టు
నూట పద్దెనిమిది.
"ఏం మార్చారండి?" అని అడిగారు డాక్టరు గారు. గుడ్లు తింటున్నానండి అన్నాను.
బస్సులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. "చెప్పానా? నెమ్మదిగా పట్టింది మందు. దానికీ ఇంకో నాలుగు వారాలు పడి ఉంటే బతికేదే. మీ నాన్న ఆపించేసి కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు..." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.
చచ్చిపోయిన నాన్న మీద ఇన్నేళ్ళుగా ఆ నేరం ఉంది. నేను కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చున్నాను.

23 ఆగస్టు
అక్క ఎలాగూ పోయేదేమో. ఆ పసరు లేకపోయినా పోయేదేమో. ఎవరు చెప్పగలరు? కానీ ఏమో అనుకుని ఊరుకునే మనిషి కాదు అమ్మ. నిజం చెబితే, నా చేతులతోనే చంపుకున్నాను అనుకుంటుంది. ఇక ఆవిడ అన్నం తినదు.
చెప్పకపోతే నేను తాగాలి. భయంగా ఉంది. నాకు బతకాలని ఉంది. అంత కత్తి కోత పడింది బతకడానికే కదా.

25 ఆగస్టు
పంటు తిరుగుతోంది. అమ్మ సంచి ఉతికి తీగ మీద ఆరేసింది.

26 ఆగస్టు, ఆదివారం
గేటు గొళ్ళెం చప్పుడుకి లేచాను. అమ్మ వీధిలోకి దిగుతోంది. కావాలనే పిలిచాను, వెనక నుంచి, గట్టిగా – "అమ్మా!"
ఆగింది. తిరగలేదు. "పిలవకూడదని తెలుసు కదే..." లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కుంది. మంచినీళ్ళు తాగి, కాసేపు పీట మీద కూర్చుంది. నా వైపు చూడలేదు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. శకునం మారిందనుకున్నాక లేచి, సంచి తీసుకుని మళ్ళీ వెళ్ళింది.
ఎండెక్కింది. ఇది రాస్తున్నాను. వంటింట్లో మజ్జిగ గ్లాసు మూత పెట్టి ఉంది, వెళ్ళేముందు తనే పెట్టింది.
గేటు చప్పుడు. వచ్చేసింది. చెప్పులు విప్పుతోంది.
"శారదా, తెచ్చేశానే. తూర్పుకి తిరిగి కూర్చో అమ్మా" అంటోంది.
నేను ఇంకా పలకలేదు.