ఆకు చూడు, మనిషిని కాదు

హేస్,
లండన్,
25 ఏప్రిల్ 2004

అమ్మ పోయాక అమ్మా, కోపం వస్తే అమ్మ కంటే ఎక్కువా అయిన మా సరోజక్కకి,

నీ తమ్ముడు గోపాల్‌రావు రాసేది. ఫోనుండగా ఉత్తరం ఏమిట్రా అంటావు. ఫోన్లో నన్ను మాట్లాడనిస్తే కదే! తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా, ఆదిలక్ష్మికివ్వు. అంతటితో నా వంతు అయిపోతుంది. కాగితానికి నువ్వు అడ్డం రాలేవు. అందుకని కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో, నీ తమ్ముడు పదో తరగతి దాటలేదని నీకు కొత్తగా చెప్పాలా.

విషయం ఏమిటంటే నేను కోచ్‌నయ్యాను. నవ్వకు. మా పేటలో హేస్ హెరాన్స్ అని ఓ జట్టుంది, హెరాన్స్ అంటే కొంగలు. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ ఆడతారు. పేరుకి ఫుట్‌బాలే గానీ కాలితో తన్నేది తక్కువ, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తడమూ విసరడమూనూ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే ఇంకో నాలుగు ఇస్తారు. ఎదటివాళ్ళు మీదపడి కూలదోస్తారు. అంతే ఆట. ఆదివారాలు వాళ్ళ మినీబస్సు నడపడానికి కుదిరాను. వారమంతా ఎయిర్‌పోర్టులో విమానాలకి భోజనాల ట్రాలీలు ఎక్కించేవాడికి, మనుషుల్ని ఎక్కించడం ఓ లెక్కా?

బంతి విసరడం నేర్పే కోచ్ ఉద్యోగం మారి బేసింగ్‌స్టోక్ వెళ్ళిపోయాడు. పెద్ద కోచ్ కీత్, పోస్టాఫీసులో పని చేస్తాడు, బస్సులో తల పట్టుకుని "ఇప్పుడెవరు నేర్పుతారు?" అన్నాడు. నేను డ్రైవరు సీట్లోంచి, "నేను నేర్పుతాను. టెక్సాస్‌లో రెండేళ్ళు అదే పని చేశాను" అన్నాను. జోకే. అందరూ గొల్లుమంటారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు అక్కా. కీత్ లేచొచ్చి చెయ్యి కలిపాడు. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి నాకు. నేనన్న మాటకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు.

టెక్సాస్ సంగతి దేవుడెరుగు, మా ట్రాలీల దగ్గర పనిచేసే ఒకాయన అక్కడి కాలేజీ ఆటల వీడియో కేసెట్లు పదకొండు ఇచ్చాడు. పొద్దున షిఫ్టు దిగి వచ్చి మధ్యాహ్నాలు అవే చూస్తున్నాను. నీ మరదలు ఆదిలక్ష్మి సీరియల్ పోయింది. నాతో మాట్లాడటం లేదు, అదొక లాభం.

చూడగా చూడగా నాకు తెలిసిందేమిటంటే, మన కొంగలు ఆడేది ఆట కాదు, ఆర్టీసీ బస్సెక్కడం. అందరూ మధ్యలో గుంపు కట్టి తోసుకుంటారు. మైదానం యాభై మూడు గజాల వెడల్పు పెట్టుకుని, గుమ్మం దగ్గరే తొక్కిసలాట! నేను ఐదుగురిని ఈ గీత నుంచి ఆ గీత దాకా పరిచేశాను. వీళ్ళు విడిపోతే ఎదటివాళ్ళూ విడిపోక తప్పదు. విడిపోతే మధ్యలో ఖాళీలొస్తాయి. బంతి ఆ ఖాళీలో వెయ్యాలి. నేను పది తప్పాక రాజమండ్రిలో పెళ్ళిళ్ళ వడ్డనకి వెళ్ళేవాణ్ణి, గుర్తుందా? పెద్ద వంటాయన బంతిలోకి పంపే ముందు నెత్తిన మొట్టి చెప్పేవాడు, "ఆకు చూడు, మనిషిని కాదు" అని. మొహాలు చూస్తూ వడ్డిస్తే తెలిసినవాడికే నాలుగు గారెలు పడతాయి. ఆకు చూస్తే ఎక్కడ ఖాళీయో అక్కడే పడుతుంది. బంతి విసిరే మా డారెన్‌కి, వాడు ప్లంబరు, అదే చెప్తున్నాను. మనిషి వైపు విసరకు, వాడు వెళ్ళబోయే ఖాళీలో విసురు.

ఇంకో తమాషా. ప్రతి ఎత్తుకీ ముందు వీళ్ళు గుంపుగా చేరి గుసగుసలాడతారు. ఆ టైములో ఎదటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. నేనది మాన్పించి, గీత బయట నుంచి అరుస్తాను. ఎవరికీ తెలియకుండా తెలుగులో! పప్పు అంటే అందరూ ఐదు గజాలు వెళ్ళి వెనక్కి తిరగాలి. పులిహోర అంటే మధ్యలో అడ్డదిడ్డంగా కలిసిపోవాలి. అప్పడం అంటే పొడుగ్గా, పైకి, దూరంగా. పెరుగు అంటే గోలు గీత దగ్గరికొచ్చాం, ముగించెయ్యమని. ఈ దేశంలో ఏ మొనగాడికి తెలుస్తుంది? ఆట మొదలెట్టే ముందు అందరూ చేతులు కలిపి "గోవిందా" అనాలని కూడా చెప్పాను. టెక్సాస్ ఆచారమన్నాను. ముప్ఫై మంది దొరలు గొంతు చించుకుని అంటున్నారు.

బావగారికి మాత్రం చెప్పకు. మేనల్లుడు అచ్యుత్‌ని అడిగానని చెప్పు. యూనివర్సిటీలో ఏదో బంతాట ఆడుతున్నాడన్నావు, మోకాళ్ళు జాగ్రత్తని చెప్పు.

నీ కోచ్ తమ్ముడు,
గోపాల్‌రావు


హేస్,
27 జూన్ 2004

జవాబు రాయమంటే నాలుగు లైన్లు రాసి, అందులో మూడు లైన్లు బీపీ గురించి రాసిన మా అక్కకి,

మాత్ర వేసుకుంటున్నాను. ఇక నా సంగతి విను.

మొదటి మూడు ఆటలూ ఓడాం. ఒకటి నలభైకి సున్నా. డారెన్ పప్పంటే అప్పడం వేశాడు, పులిహోరకి ఇద్దరు కొంగలు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని పడ్డారు. కీత్ నన్ను పక్కకి తీసుకెళ్ళి, "గోపాల్, టెక్సాస్‌లో ఇలాగే ఉండేదా?" అన్నాడు. "మొదట్లో ఇంకా ఘోరం" అన్నాను. ఏం చెయ్యను! చివరికి ఓ మాట చెప్పాడు. జులై పద్దెనిమిది దాకా చూస్తాడట. అప్పటికీ కుదరకపోతే పాత తోపులాటే, నేను మళ్ళీ స్టీరింగొక్కటే పట్టుకోవాల్సిందే.

అప్పుడు బుద్ధొచ్చింది. ఎత్తులన్నీ మానేసి నాలుగు వారాలు పప్పొక్కటే చేయించాను. అడుగులు లెక్కపెట్టించాను. ఐదో అడుగుకి కుర్రాడు తిరగాలి, వాడు తిరగక ముందే బంతి డారెన్ చెయ్యి వదలాలి. వాడు తిరిగేసరికి బంతి కళ్ళెదురుగా ఉండాలి. మొహాలకి తగిలాయి, ముక్కులు వాచాయి. తర్వాత డారెన్‌కి ఒక్కటే నేర్పాను. పదకొండు మందినీ చూడకు, ఎదటివాళ్ళలో ఒక్కణ్ణి ఎంచుకో. వాడు ముందుకొస్తే వాడి వెనకాల వెయ్యి, వెనకాలే ఉంటే వాడి ముందు వెయ్యి. వాడేం చేసినా తప్పు వాడిదే అవ్వాలి. ఈ ముక్క చెప్పగానే డారెన్ కళ్ళు వెలిగాయి. "మా ఆవిడ నాతో ఆడే ఆట ఇదే" అన్నాడు. వరసగా రెండు గెలిచాం అక్కా. ఇవాళ్టి ఆటలో ఒక్క పులిహోర మీదే యాభై గజాలు.

ఇప్పుడు అసలు సంగతి. జులై పద్దెనిమిది ఆట మీ లీసెస్టర్లోనే. అది గెలవాలి. గెలవాలని ఎందుకంత పట్టో ఫోన్లో చెప్పలేను, అందుకే రాస్తున్నాను. నీ కొత్తింటి గృహప్రవేశం నాడు బావగారు తన హాస్పిటల్ డాక్టర్లందరికీ నన్ను చూపించి, "మా బావమరిది, ఆయన మాటలేవీ సీరియస్‌గా తీసుకోకండి" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి, ఆ కొత్త పంపు కింద మొహం కడుక్కున్నాను. నువ్వు చూసి "ఏమిట్రా" అంటే కారం చెయ్యి తగిలిందన్నాను. రెండేళ్ళయింది అక్కా. నేను మీ ఇంటికి రాకపోవడానికి షిఫ్టులు కారణం కాదు. ఆయన తప్పేం లేదు. జీవితమంతా నవ్వించి, ఇప్పుడు నన్ను చూసి నవ్వారంటే ఎలా? కానీ ఏదో ఒక్కటి, ఒక్క పని, నేను నిజంగా చేయగలనని ఆయన చూడాలి. ఆ రోజు ఆయన్ని గ్రౌండుకి పంపించు. ఓడిపోతే మాత్రం నేను తలెత్తుకుని మీ గుమ్మం ఎక్కను, ముందే చెప్తున్నాను.

మొదటి ఎత్తే అప్పడం. బావగారు కుర్చీలో సర్దుకునేలోపే బంతి అవతల గీత దాటాలి.

నీ తమ్ముడు,
గోపాల్‌రావు


హేస్,
20 జులై 2004

కన్నతల్లిలా నమ్మితే కొంప ముంచిన మా అక్కకి,

నా ఉత్తరాలు భోజనాల దగ్గర పైకి చదువుతావుటే! ఇంకా నయం, హాస్పిటల్ నోటీసు బోర్డుకి అంటించలేదు.

నువ్వు గ్రౌండుకి రాలేదు, ఇంట్లో ఆ తండ్రీకొడుకులు ఏం చెప్పారో నాకు తెలీదు. నేను చెప్తాను విను. మొదటి ఎత్తుకి "అప్పడం" అని అరిచాను. డారెన్ చేతికి బంతి ఇంకా రాలేదు, అవతలి జట్టులో ఇరవై నాలుగో నంబరు వాడు వెనక్కి తిరిగి లగెత్తాడు. బంతి పడే చోట మా వాడి కంటే ముందు నిలబడి, చుట్టమింట్లో కాఫీ అందుకున్నట్టు అందుకున్నాడు. సరే, కాకతాళీయం అనుకున్నాను. "పప్పు" అన్నాను. వాడు ముందుకి దూకి, లాక్కుని, అటు నుంచి అటే పరిగెత్తి గోలు చేశాడు. "పులిహోర" అంటే మధ్యలోకొచ్చి కూర్చున్నాడు. సగం ఆటకి ఇరవై ఒకటికి సున్నా. కీత్ నా వైపు చూడటం మానేశాడు.

విరామంలో ఆ ఇరవై నాలుగో నంబరు గీత దాటి నా దగ్గరికొచ్చి హెల్మెట్ తీశాడు. ఇంతింత పళ్ళేసుకుని నీ కొడుకు!

"హలో మామయ్యా."

"ఒరేయ్, నువ్వా! నువ్వు ఆడే బంతాట ఇదా?"

"యూ నెవర్ ఆస్క్‌డ్ విచ్ వన్," అన్నాడు. "మమ్ రీడ్స్ యువర్ లెటర్స్ ఎట్ డిన్నర్. అప్పడం బిట్ రెండుసార్లు చదివించుకున్నా."

తెలుగు చదవడం రాదు గానీ వినడం మాత్రం బాగా వచ్చు వెధవకి. కొట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలీలేదు. ఎవరి పోలికని ఎవర్ని అడగను? ఈ పని ఇరవై ఏళ్ళప్పుడు నాకెవరైనా అప్పగించి ఉంటే ఇంతకంటే ఏం చేసేవాణ్ణి! వెళ్ళబోతూ వాడు ఇంకో మాట చెప్పాడు. గృహప్రవేశం దగ్గరికి రాగానే నువ్వు చదవడం ఆపేశావట. బావగారు ఆ కాగితం నీ చేతిలోంచి తీసుకుని పై గదిలోకి వెళ్ళి చదువుకున్నారట. గీతకి అవతల చూశాను. వానలో గొడుగేసుకుని ఆయన అలాగే నిలబడి ఉన్నారు, కుర్చీ కూడా లేదు.

కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. మన కోడ్ వాళ్ళకెలా తెలుసని కీత్ అడిగాడు. ఉత్తరాల సంగతి చెప్పాను. ఒకటి చెప్పాక రెండోది ఆగలేదు. "నేను టెక్సాస్ చూడలేదు. ఎవరికీ ఎప్పుడూ కోచ్‌గా లేను" అన్నాను. కీత్ మొహం కందగడ్డలా అయింది. "మరి ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు.

"పెళ్ళి భోజనాల్లో."

అప్పుడు నవ్వారే అందరూ! నిజం చెప్పినప్పుడు నవ్వారు, చూడు నా తలరాత. డారెన్ ఒక్కడు నవ్వలేదు. "ఆకు చూడమనేది అక్కడిదా?" అన్నాడు. అవునన్నాను. వాడు హెల్మెట్ పెట్టుకున్నాడు. "అయితే ఇప్పుడేం అరుస్తావు?"

"ఏమీ అరవను. మీకు వచ్చు."

"ఆట అయ్యాక మాట్లాడదాం" అన్నాడు కీత్.

రెండో సగమంతా నేను నోరు మూసుకునే నిలబడ్డాను. ఆదిలక్ష్మి చూసుంటే అంబులెన్సు పిలిచేది. డారెన్ ఇరవై నాలుగో నంబరుని ఎంచుకున్నాడు. అచ్యుత్ ముందుకొస్తే వెనకాల వేశాడు, వెనక్కెళ్తే ముందు వేశాడు. వినడానికి మాటే లేకపోయేసరికి మనవాడు మధ్యలో చిక్కుకుని అటూ ఇటూ చూశాడు. రెండు గోల్స్ అలా వచ్చాయి. మూడోదానికి ఒక కుర్రాణ్ణి ఎడం గీత దగ్గర అచ్యుత్ ఎదురుగా ఒంటరిగా నిలబెట్టి, ఆటంతా కుడివైపు నడిపారు. అది వాళ్ళంతట వాళ్ళు చేసిందే, నేను వేలు కూడా ఎత్తలేదు. ఆ గోలూ వచ్చింది గానీ, గోలుకి ఆరు పాయింట్ల పైన ఇంకొకటి కోసం కొయ్యల మధ్యకి తన్నే ఆ చివరి తన్ను కొయ్యకి తగిలి పక్కకి పోయింది. ఇరవై ఒకటికి ఇరవై. ఒక్క పాయింటుతో ఓడాం.

కీత్ వచ్చాడు. చాలాసేపు తిట్టాడు, తిట్టాల్సినవే. కుర్రాళ్ళు దెబ్బలు తినే ఆటలో అబద్ధం చెప్పకూడదన్నాడు. నిజమే, తలొంచుకున్నాను. తర్వాత, "వచ్చే ఏడు కూడా ఇదే ఆట ఆడతాం. నువ్వు మాత్రం కోచింగ్ కోర్సు చేసి పరీక్ష రాయాలి" అన్నాడు. పరీక్షంటే నాకు ఇప్పటికీ పదో తరగతే గుర్తొస్తుంది. కానీ రాస్తానే. ఫారం తెచ్చుకున్నాను.

ఓడిపోతే మీ గుమ్మం ఎక్కనన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

అందరూ బస్సెక్కాక బావగారు వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. "ఏం గోపాలం, కొత్త వేషమా?" అంటారని చూశాను. జవాబు కూడా నాలిక మీద సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన గొడుగు ముడిచి, "ఆఖర్న ఆ ఎడంపక్క వాణ్ణి అంత దూరంగా ఎందుకు నిలబెట్టారు? ఒక్కసారి కూడా వాడికి బంతి వెయ్యలేదు కదా" అన్నారు.

అక్కా, పాతికేళ్ళ చుట్టరికంలో ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. నాలిక మీదున్నది మింగేశాను. బురద చిమ్మిన బస్సు అద్దం మీద వేలితో గీశాను. ఇది మా వాడు, ఇది అచ్యుత్. మా వాడు ఇక్కడుంటే అచ్యుత్ ఇక్కడే ఉండాలి, వదిలి వెళ్ళే ధైర్యం చెయ్యలేడు. అంటే వాళ్ళ జట్టులో మంచి ఆటగాణ్ణి బంతి అవసరం లేకుండానే ఆటలోంచి తీసేశాం. మిగిలిన వాళ్ళు పది మంది, ఖాళీ ఇదంతా. ఎక్కడా నవ్వించకుండా చెప్పాను. లోపల కుర్రాళ్ళు బస్సు కదలడం లేదేమని గోల. నడిపేవాణ్ణి నేనే కాబట్టి ఏం చేస్తారు!

బావగారు అద్దాన్ని ఇంకా అలాగే చూస్తూ అన్నారు. "నాకు సరిగ్గా అర్థం కాలేదు గోపాలం. మళ్ళీ మొదటి నుంచి చెప్పు."

చొక్కా చేత్తో అద్దం తుడిచి, మళ్ళీ మొదటి నుంచి గీశాను.

శనివారం భోజనానికి వస్తున్నాం.

నీ తమ్ముడు,
గోపాల్‌రావు