అస్తరుకు మూర తక్కువ

3 ఫిబ్రవరి 1988
సమస్త జనులకు ఇందుమూలంగ తెలియజేయునదేమనగా — ఈ ఇంట్ల బొంత అడుగున అస్తరుకు ఎంత గుడ్డ పడుతదో నేనే చెప్పాలె. ఇంకెవ్వరు నోరు తెరువొద్దు. మా ఆయన సుత. దుకాణంల కొత్త గుడ్డ కొందామంటడు! పసుపు బస్తాల మూతులు కుట్టెటోనికి బొంత సంగతేం ఎరుక?
బిడ్డ లలితకు ఎనిమిదో నెల. కాన్పైనంక తల్లీపిల్ల పండేది గీ బొంత మీదనే. పసిగుడ్డు ఒంటికి తాకేది మా అమ్మ చీర కావాలె. అమ్మ పోయి ఏడాది.

4 ఫిబ్రవరి
బొంత పొడుగు ఐదు మూరలు. మడతకు అర మూర. చీర వెడల్పు ఒక్క పన్న చాలదు, రెండు పట్టీలు పక్కపక్కన పడాలె — మొత్తం పదకొండు మూరలు. నా దగ్గరున్న అమ్మ పచ్చ చీర పన్నెండు. అయిపాయె!
చెంగు పట్టుకుంటే పర్రున చినిగింది. రెండు మూరలు పాయె. ఎన్నిసార్లు కొలిచినా మూర తక్కువ...
అన్న ఇంట్ల అమ్మ ఎర్ర చీర ఉన్నది. ఫికర్ లేదు.

6 ఫిబ్రవరి
అన్న ఇంటికి పోయిన. వదిన ఎర్ర చీర స్టీలు గిన్నెలామెకు ఏసిందట! దానికి బదులు స్టీలు డబ్బా తీస్కున్నదట!
"పాత గుడ్డే గద రాజవ్వా..."
గదే డబ్బాలకెల్లి చాయ్‌పత్త తీసి నాకు చాయ్ పెట్టింది. తాగిన. తాగినంక ఇంకింత మండింది. అన్న తల గోక్కుంటడు.

7 ఫిబ్రవరి
పొద్దున్నే మల్ల పోయిన. గొంతు తగ్గిచ్చి —
"వదినా, ఎర్ర చీర అంచుల అమ్మ బంగారు గుండు పెట్టి కుట్టింది. నీకు చెప్పలేదా?"
వదిన మొకం... ఉడకవెట్టిన పసుపు కొమ్ము.

10 ఫిబ్రవరి
మొగడు పెండ్లాం గిన్నెలామె ఊరు దొంకేశ్వర్ దాక ఉరికిన్రు. గిన్నెలామె తక్కువదా? డబ్బా వాపస్ తీస్కొని, మీదికెల్లి వదిన పట్టుచీర గుంజుకున్నది. మంచిగైంది!
చీర తెచ్చి అంచు మొత్తం ఇప్పిన్రు. "ఏదీ గుండు?" అన్నది వదిన.
"దొంకేశ్వర్ల ఎవలు ఇప్పిన్రో, నన్నడుగుతవేంది?"
నా మూర కత్తిరిచ్చుకున్న.

11 ఫిబ్రవరి
అన్న ఒక్కడే వచ్చిండు. గడపల కూసున్నడు.
"గుండు నిజమే రాజూ. అమ్మ కుట్టంగ నేను చూసిన. ఎవ్వరికి చెప్పకు బిడ్డా అన్నది."
ఏడ్సిండు.
అస్తరు ఇంక కుట్టలే. మూర ముక్క ఒళ్లె ఏసుకొని అంచు తడుముతున్న, గీ కొస నుంచి గా కొసకు... ఏముంటది? గుండు సంగతి నేను పుట్టిచ్చిందే. మరి అన్న చూసిందేంది?